పన్నెండు సెకన్లు

ముమ్మిడివరంలో మోటారు వైండింగ్ షాపు మీది గదిలో
మా రేడియో ఉంటుంది.
స్తంభం లేదు, ఏంటెన్నా లేదు.
ఒక పాత కంప్యూటరు, కిందినుంచి వార్నీషు వాసన.
రాత్రి పదింటికి నేను తాళం వేసి పోతాను.
తర్వాత పాటలన్నీ అదే వేసుకుంటుంది,
మధ్యలో రొయ్యల మేత ప్రకటన, టైము,
మళ్ళీ పాట.

తెల్లారగట్ల నాలుగూ నలభైకి మాత్రం
మా గొంతు మూసి
బలుసుతిప్ప వైపు తూము ఎత్తుతుంది.
అక్కడ మల్లాడి పోసిరత్నం
గాలి కొట్టకుండా ఫోనుకి కొంగు చుట్టి
గట్టు మీద నిలబడి చెబుతుంది:
"పోటు ఐదూ పదికండి. మొగ దగ్గర ఇసక మేట జరిగింది,
ఎడం పక్కగా రండి. చందువా నిన్న నాలుగొందల ఎనభై.
గాలి తూరుపు. ఆయ్."

ఆమె మాట నన్ను చేరేసరికి ఎనిమిది సెకన్లు పాతది.
నా దగ్గర్నుంచి మొగ దాటని పడవల్లోకి,
యానాంలో ఐసు ఫ్యాక్టరీలోకి,
మస్కట్‌లో ఎవరో వంటవాడి చెవిలోకి
ఇంకో ఇరవై.
ఇరవై ఎనిమిది సెకన్లలో పోటు ఎంత ఎక్కుతుందో
నేనెప్పుడూ లెక్క కట్టలేదు.

లాకుల మీద లస్కరుగా చేసి దిగిన నేలపూడి సువర్తరాజు గారు
షాపుకి పంపుసెట్టు తెచ్చినప్పుడల్లా పైకొచ్చి కూచుంటారు.
తెర మీద పచ్చగీత ఎగరడం చూసి
"ఎవరి నీళ్ళురా ఇవి?" అంటారు.
ఆవిడవండి.
"మరి నీదేవిటి?"
తలుపండి. ఎత్తడం, దించడం.
"అయితే శివారు రైతు తిట్టేది నిన్నే"
అని జేబులో బీడీ వెతుక్కుంటారు.

పైనుంచి రాకపోతే కాలవ ఎండకూడదని
నేనే రాసిపెట్టాను అందులో:
పన్నెండు సెకన్లు చప్పుడు లేకపోతే
అవతల తెగిందనుకో, మనది వెయ్యి.
ఆవిడ ఫోను చచ్చినా, టవరు పడుకున్నా
వినేవాళ్ళకి తెలిసేది కాదు.
ఆ సంగతి నలుగురికీ చెప్పుకున్నాను కూడా.

కార్తీకంలో వాయుగుండం దాటిన మూడో నాడు
నిద్రపట్టక ఇంట్లోనే వింటున్నాను.
"వచ్చిన పడవలు చదువుతానండి" అంది.
పేర్లు కాదు, నంబర్లు. తొమ్మిది చదివింది.
"ఇంకోటి" అంది.
తర్వాత ఏమీ అనలేదు.
కొంగు వెనకాల గాలి ఉంది,
ఎక్కడో ఒక తెడ్డు చెక్కకి తగిలింది.
అంత సన్నటి చప్పుడు
నా యంత్రానికి లెక్కలోది కాదు.
నేను లెక్కపెట్టలేదు, అది లెక్కపెట్టింది.

రొయ్యల మేత.
ఆడపిల్ల నవ్వు. బరువు చూడండి, లాభం చూడండి!

తాళాలు పట్టుకుని రెండు వీధులు పరిగెత్తాను.
మెట్లు ఎక్కేసరికి మాట మళ్ళీ వచ్చిందని
తనే తూము ఎత్తేసింది.
"... పండుగప్ప ఐదొందల ఇరవై. ఆయ్."

తెల్లారాక ఫోను చేశాను.
మధ్యలో ఏం చెప్పారండీ, మా వైపు పోయింది.
"ఏం చెప్పలేదు బాబూ. ఊరుకున్నాను."
కాసేపాగి,
"అది విన్నారా జనం?"

కిందెవడో మోటారు పరీక్షకి పెట్టాడు.
ఆ రొదలో వినపడనట్టు
ఏవిటోనండి అన్నాను.

పన్నెండు చెరిపి మూడొందలు కొట్టాను,
ఆ ఒక్క వంతుకి.

గురువారం ఆ పదో నంబరు చదివింది,
ఎనిమిదికీ పదకొండుకీ మధ్య ఎక్కడో,
గొంతు ఎత్తకుండా, దించకుండా.
ఇంజను చెడి మడ అడవిలోకి కొట్టుకుపోయారట.
ఆ మాట ఐసు ఫ్యాక్టరీ వాళ్ళు చెప్పారు, ఆవిడ కాదు.

మూడొందలు అలాగే ఉంది.
ఆవిడ ఫోను ఛార్జింగు అయిపోయిన రోజుల్లో
అయిదేసి నిమిషాలు ఏమీ లేనిది పంపుతున్నాను ఊళ్ళకి.
ప్రకటనవాడు డబ్బు తగ్గించాడు.
మొన్న ఆ అయిదు నిమిషాల్లోనే
మస్కట్ వంటవాడు మెసేజీ పెట్టాడు:
"ఏవండీ, అందరూ వచ్చారా?"